డబ్బా ముందు కుంకుమపువ్వు, వెనక ఎంత?

డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ ఆఫ్ ఇండియా గారికి, ఔషధ సాంకేతిక సలహా మండలి సభ్యులకు,

నమస్కారం.

నేను జగిత్యాలలో మందుల షాపు నడుపుతున్న ఫార్మసిస్టును. పంతొమ్మిదేళ్లుగా అదే కౌంటర్ వెనక నిలబడుతున్నాను. మందుల విషయంలో మీకు ఉత్తరం రాయాల్సిన అవసరం నాకెప్పుడూ రాలేదు. స్ట్రిప్ మీద పారాసిటమాల్ 650 మిల్లీగ్రాములు అని ఉంటుంది. అడిగినవాళ్లకు చదివి చెబుతాను, పని అయిపోతుంది. ఈ ఉత్తరం నా షాపులో ఎడమ చేతి వైపు అద్దాల బీరువాలో ఉండే సరుకు గురించి. అంటే ముఖానికి రాసుకునే మాయిశ్చరైజర్ల గురించి. వాటిలో ఏది ఎంత ఉందని ఎవరైనా అడిగితే నేను చెప్పలేను. నా చదువు తక్కువై కాదు, డబ్బా మీద అది రాయాలన్న నిబంధన లేక.

పోయిన డిసెంబరులో ఒక సాయంత్రం డిగ్రీ రెండో సంవత్సరం చదివే అమ్మాయి వచ్చింది. మా వైపు చలికాలం గాలి పొడిగా ఉంటుంది. ఆ అమ్మాయి బుగ్గల మీద పొట్టు లేచింది, పెదవుల చివర్లు పగిలాయి. చేతిలో అప్పుడే ఇంకెక్కడో కొన్న 50 గ్రాముల డబ్బా ఉంది. ముందు వైపు బంగారు రంగు అక్షరాలు, పక్కన మూడు కుంకుమపువ్వు రేకుల బొమ్మ. ధర ఐదు వందల పైచిలుకు. "అక్కా, ఇందులో కుంకుమపువ్వు ఎంత ఉంటుంది?" అని అడిగింది. ఇంత సూటి ప్రశ్న నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. కుంకుమపువ్వు గ్రాము లెక్కన అమ్మే సరుకని, ఇంట్లో పాయసంలోకి నాలుగు రేకులు వేయాలన్నా వాళ్లమ్మ లెక్కపెట్టి వేస్తుందని ఆ అమ్మాయికి తెలుసు. అందుకే అనుమానం వచ్చింది.

ఇంజక్షన్ సీసాల మీద బ్యాచ్ నంబర్లు చూడటానికి నా దగ్గర ఒక భూతద్దం ఉంటుంది. దాన్ని తీసి డబ్బా వెనక్కి తిప్పాను. ఇద్దరం కలిసి చదవడం మొదలుపెట్టాం.

మొదటి పేరు ఆక్వా. "అంటే నీళ్లు" అన్నాను. ఆ అమ్మాయి నవ్వింది. "నీళ్లకు కూడా లాటిన్ పేరు పెట్టారా?" అంది. ఇందులో మోసమేమీ లేదు. ముఖానికి రాసుకునే తేలికపాటి క్రీముల్లో సగానికి పైగా నీళ్లుండటం మామూలే. నీళ్లు, నూనె విడిపోకుండా పట్టి ఉంచి, చేతికి మెత్తగా తగిలేలా చేయడమే క్రీము తయారీలోని పనితనం.

రెండో పేరు గ్లిజరిన్. తేమను లాగి చర్మం పైపొరలో పట్టి ఉంచుతుంది. నా షాపులో వంద గ్రాముల సీసా వంద రూపాయలకు అటూఇటూగా దొరుకుతుంది. పొడి చర్మం మీద దీని అంత నమ్మకంగా పనిచేసే పదార్థాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. కానీ డబ్బా ముందు వైపు గ్లిజరిన్ పేరు లేదు. పాతకాలపు పేరు కాబట్టి దాన్ని చూసి ఎవరూ డబ్బులివ్వరు. ఆ అమ్మాయి బుగ్గలకు నిజంగా ఉపకారం చేయబోయేది మాత్రం అదే.

మూడోది లిక్విడ్ పారాఫిన్. "ఇది పెట్రోలులోంచి వస్తుందట కదా, ముఖానికి మంచిది కాదట కదా" అంది. ఈ మాట నాకు వారానికి నాలుగుసార్లు వినిపిస్తుంది. ముడిచమురు నుంచి వచ్చే మాట నిజమే. అయితే చర్మానికి వాడే రకాన్ని బాగా శుద్ధి చేస్తారు. అది చర్మం మీద పలుచని మూతలా పరుచుకుని లోపలి నీరు ఆవిరైపోకుండా ఆపుతుంది. పెట్రోలియం జెల్లీ అయితే ఆ పనిలో దానికదే సాటి. మడమలు పగిలినవాళ్లకు నేను ఇప్పటికీ దాన్నే ఇస్తాను. విశాఖ ఉక్కపోతలో ముఖానికి పూసుకుంటే జిడ్డు కారుతుంది, ఆదిలాబాద్ చలిలో పూసుకుంటే హాయిగా ఉంటుంది. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం ఏ చిక్కటి పూత అయినా ఆలోచించే వాడాలి.

నాలుగోది స్టియరిక్ ఆమ్లం, ఐదోది సిటైల్ ఆల్కహాల్. ఆల్కహాల్ అన్న మాట కనబడగానే ఆ అమ్మాయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇది స్పిరిట్ లాంటిది కాదు. తెల్లగా మైనపు ముక్కల్లా ఉంటుంది. చర్మాన్ని మెత్తబరుస్తుంది, క్రీముకు చిక్కదనం ఇస్తుంది. చర్మాన్ని ఎండబెట్టే ఆల్కహాల్ వేరే ఉంది. దాన్ని ఆల్కహాల్ డినాట్ అని రాస్తారు. అది జాబితాలో పై వరుసలో కనబడితే పొడి చర్మం ఉన్నవాళ్లు ఆ డబ్బాను బీరువాలోనే ఉంచేయడం మంచిది. ఒకే మాట రెండు భిన్నమైన పదార్థాలకు అతుక్కుని ఉంటే మామూలు మనిషి ఏం చేయగలడు? ఇది మీ తప్పు కాదనుకోండి, రసాయనశాస్త్రం పెట్టుకున్న పేరు.

ఆరోది డైమెథికోన్, సిలికోన్ జాతి. రాసుకోగానే చర్మం పట్టులా అనిపించేది దానివల్లే. ఏడోది నియాసినమైడ్. ఇది బి3 విటమిన్, డబ్బా ముందు బంగారు అక్షరాల్లో ఉన్న రెండు పేర్లలో ఒకటి. మంచి పదార్థమే. చర్మం పైపొరలో తేమను కాపాడే కొవ్వులు తయారవడానికి సాయపడుతుంది, మచ్చలు కొంత తగ్గిస్తుంది. పరీక్షల్లో ఫలితం చూపినవి ఎక్కువగా 2 నుంచి 5 శాతం వాడినవి. మరి ఈ డబ్బాలో ఎంత ఉంది?

నేను ఆగిపోయింది ఇక్కడే. 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం ఒక శాతం కంటే ఎక్కువ ఉన్న పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలి. ఒక శాతం, అంతకంటే తక్కువ ఉన్నవాటిని ఆ తర్వాత ఏ వరుసలోనైనా రాసుకోవచ్చు. కానీ వరుస ఎక్కడ ముగిసిందో, ఇష్టారాజ్యం ఎక్కడ మొదలైందో చెప్పే గీత డబ్బా మీద ఉండదు. ఏడో స్థానంలో ఉన్న నియాసినమైడ్ 3 శాతం కావచ్చు, 1.1 శాతం కావచ్చు. ఇష్టారాజ్యం అక్కడే మొదలై ఉంటే 0.1 శాతం కూడా కావచ్చు. మూడింటికీ అదే చోటు, అదే సైజు అక్షరాలు.

గీత కనబడదు కాబట్టి నాలాంటివాళ్లం గుడ్డి గుర్తులు పెట్టుకుంటాం. నాది ఫినాక్సీఇథనాల్. క్రీములో బూజు, సూక్ష్మజీవులు పెరగకుండా వేసే నిల్వ పదార్థం అది. ఐరోపా సంఘం నిబంధనల్లో దానికి ఒక శాతం గరిష్ఠ పరిమితి, తయారీదారులు మామూలుగా ఎక్కడైనా ఆ హద్దులోనే వాడతారు. కాబట్టి జాబితాలో దాని తర్వాత వచ్చినవన్నీ ఒక శాతం లోపువేనని ధైర్యంగా చెప్పవచ్చు. దానికి ముందున్నవి ఒక శాతం పైవేనని మాత్రం చెప్పలేం. ఇష్టమైన వరుస కదా, ఒక చిటికెడు సారాన్ని దాని ముందుకు జరిపి రాసుకునే వీలు చట్టమే ఇచ్చింది.

ఆ అమ్మాయి డబ్బాలో ఫినాక్సీఇథనాల్ ఎనిమిదోది. ఆ తర్వాత పర్ఫ్యూమ్, కార్బోమర్, ట్రైఇథనాలమైన్, డైసోడియం ఈడీటీఏ. అన్నిటికంటే చివర, పెట్టె అంచు మడతలో సగం కనబడుతూ, క్రోకస్ సటైవస్. అదే కుంకుమపువ్వు. ముందు వైపు బొటనవేలంత బొమ్మ, వెనక వైపు ఆవగింజంత పేరు.

"నేతి బీరకాయ" అంది ఆ అమ్మాయి. నేను చెప్పాల్సిన మాట ఆమే చెప్పేసింది.

కాగితం మీద లెక్క వేసి చూపించాను. 50 గ్రాముల డబ్బాలో ఒక శాతం అంటే అర గ్రాము. 0.01 శాతం అంటే 5 మిల్లీగ్రాములు. ఈ రెండింటి మధ్య వంద రెట్ల తేడా ఉంది. మీ నిబంధన దృష్టిలో రెండూ సమానమే. పైగా సారం అని రాసినప్పుడు ఆ సారంలోనే గ్లిజరినో నీళ్లో ఎక్కువ పాళ్లు ఉండవచ్చు. అంటే 5 మిల్లీగ్రాముల సారంలో పువ్వు ఎంతో అది మళ్లీ వేరే ప్రశ్న. ఈ డబ్బాలో నిజంగా ఎంత వేశారో నాకు తెలియదు, తెలుసుకునే దారి లేదు. నా ఫిర్యాదంతా దాని మీదే.

ఒక శాతం లోపు ఉన్నదంతా దగా అని నేను అనడం లేదు. ఆ మాట అంటే నా చదువుకే మచ్చ. ఎ విటమిన్ జాతికి చెందిన రెటినాల్‌ను ముఖానికి రాసుకుని వదిలేసే క్రీముల్లో 0.3 శాతం మించకూడదని ఐరోపా సంఘం 2024లో పరిమితి పెట్టింది. అంటే అంత కొంచెం కూడా చర్మానికి లెక్కలోకి వచ్చే మోతాదేనని కదా! తేమను పట్టి ఉంచే హైలురానిక్ ఆమ్లం, చర్మపు కొవ్వులైన సెరమైడ్లు ఒక శాతం కంటే బాగా తక్కువ వేసినా క్రీముకు పనికొస్తాయి. వాటిని చివరి వరుసల్లో చూసి జనం పెదవి విరవనక్కర్లేదు. ఒక పదార్థానికి 0.2 శాతం చాలు, ఇంకోదానికి 2 శాతమైనా కావాలి. అందుకే వరుసను చూసి క్రీమును అంచనా వేయడం సగం పనే. అంకె చూస్తేగానీ మిగతా సగం పూర్తి కాదు.

ఇక నేను అడగదలచుకున్నది. డబ్బా ముందు వైపు మాటతో గానీ బొమ్మతో గానీ ఏ పదార్థం పేరు చెప్పి అమ్ముతున్నారో, ఆ పదార్థం శాతాన్ని ఆ డబ్బా మీదే ముద్రించాలని నిబంధన తీసుకురండి. జాబితాలోని ఇరవై పేర్లకూ శాతాలు రాయమనడం లేదు. ముందు వైపుకు ఎక్కించినవాటికి రాస్తే చాలు.

ఇది నేను కొత్తగా కనిపెట్టిన ఆలోచన కాదు. మీ మంత్రిత్వ శాఖ కిందే ఉన్న ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఈ పని ఎప్పుడో చేసింది. 2020 నాటి ఆహార లేబులింగ్ నిబంధనలు చూడండి. పదార్థాలు కలిపి తయారుచేసిన ఆహారం ప్యాకెట్ మీద ఒక పదార్థాన్ని మాటలతోనో బొమ్మతోనో ప్రత్యేకంగా చూపిస్తే, తయారీ సమయంలో అది ఎంత శాతం వేశారో చెప్పాలి. మా షాపు పక్క కిరాణా కొట్టులో మామిడి పానీయం సీసా తిప్పి చూస్తే మామిడి గుజ్జు ఇంత శాతం అని ఉంటుంది. నోట్లో పోసుకునేదానికి ఉన్న మర్యాద ముఖానికి పూసుకునేదానికి ఎందుకు లేదు? పానీయం అయితే ఒక పూటలో తాగి మర్చిపోతాం. క్రీము అయితే రోజుకు రెండుసార్లు, ఏళ్ల తరబడి రాసుకుంటాం.

ఇంకో విచిత్రం చెబుతాను. అదే అద్దాల బీరువాలో పై అరలో ఆయుర్వేద క్రీములు ఉంటాయి. వాటి లైసెన్సు వేరే పద్ధతిలో వస్తుంది. వాటి వెనక వైపు ప్రతి 10 గ్రాముల్లో కలబంద ఇన్ని మిల్లీగ్రాములు, మంజిష్ఠ ఇన్ని మిల్లీగ్రాములు అని వివరంగా ఉంటుంది. చదివితే ముచ్చటేస్తుంది. చివరికి వచ్చేసరికి 'క్రీమ్ బేస్ క్యూ.ఎస్.' అని ఒక్క ముక్క. అంటే మిగిలినదంతా తగినంత. ఆ తగినంతలో ఏ మైనం ఉందో, ఏ నిల్వ పదార్థం ఉందో, ఏ పరిమళం ఉందో ఎవరికీ చెప్పరు. కింది అరలో ఉన్న కాస్మెటిక్ డబ్బాల మీద బేస్ మొత్తం పేరు పేరునా ఉంటుంది, మూలిక ఎంతో ఉండదు. పై అర డబ్బా, కింది అర డబ్బా పక్కపక్కన పెడితే ఒక పూర్తి లేబుల్ తయారవుతుంది. రెండింటినీ ఒకే చట్టం కింద, 1940 నాటి మందులు, సౌందర్య సాధనాల చట్టం కిందే నడుపుతున్నారు. మీరు తలచుకుంటే మంచి పద్ధతిని పై అర నుంచి కింది అరకు, కింది అర నుంచి పై అరకు మార్చుకోవచ్చు.

తర్వాతిది చిన్న ట్యూబుల సంగతి. ఇది అమ్మాయి ప్రశ్న కంటే పాతది, నన్ను ఎక్కువ బాధపెట్టింది.

60 మిల్లీలీటర్ల కంటే తక్కువ ద్రవాలకు, 30 గ్రాముల కంటే తక్కువ క్రీములకు పదార్థాల జాబితా ముద్రించనవసరం లేదని అదే నిబంధనల్లో మినహాయింపు ఉంది. ఎందుకు పెట్టారో అర్థమవుతుంది, చోటు చాలదు. కానీ నా షాపులో రోజూ అమ్ముడయ్యేవి ఏవనుకుంటున్నారు? పది రూపాయల పొట్లాలు, 15 గ్రాముల ట్యూబులు, 25 గ్రాముల ట్యూబులు. ఐదు వందల డబ్బాలు నెలకు నాలుగు పోతే గొప్ప. డబ్బున్నవాళ్ల డబ్బాకు జాబితా ఉంటుంది. బీడీలు చుట్టి వారం కూలి తెచ్చుకునే ఆవిడ కొనే ట్యూబు మీద అది ఉండాలన్న నిర్బంధమే లేదు.

అలాంటి ఒకావిడకు రెండేళ్ల కిందట చెంపల మీద, కనురెప్పల మీద ఎర్రగా దద్దుర్లు లేచాయి. కరీంనగర్‌లో చర్మ వైద్యుడు క్రీము వల్ల వచ్చిన అలర్జీ కావచ్చని, ఏ పదార్థం పడలేదో తెలిస్తే ఇకముందు దాన్ని తప్పించుకోవచ్చని, వాడుతున్న క్రీమును తీసుకురమ్మని చెప్పాడు. ఆవిడ చివరిదాకా నలిపి పిండిన ట్యూబును కొంగులో కట్టుకుని తీసుకెళ్లింది. దాని మీద ధర ఉంది, తయారీ తేదీ ఉంది, చిరునామా ఉంది. లోపల ఏముందో లేదు. వైద్యుడు ట్యూబు తిప్పి చూసి తిరిగి ఆవిడ చేతిలోనే పెట్టాడట. ఆ ట్యూబు అమ్మింది నేనే. మినహాయింపు ఎత్తేయలేకపోతే పోనీ, చిన్న ట్యూబుల పెద్ద పెట్టెలో ఒక కాగితమైనా పెట్టించండి. అడిగినవాళ్లకు చూపించడానికి నా దగ్గర ఉంటుంది.

పరిమళం గురించి ఎక్కువ రాయను. పర్ఫ్యూమ్ అన్న ఒక్క మాట కింద పదుల కొద్దీ పదార్థాలు దాక్కోవచ్చు. క్రీముల వల్ల వచ్చే అలర్జీల్లో దాని వాటా పెద్దది. ఐరోపాలో లినలూల్, లిమోనిన్ లాంటి 26 పదార్థాలను నిర్ణీత పాళ్లు దాటితే విడిగా పేరు పెట్టి రాయాలని ఎప్పటి నుంచో ఉంది. 2023లో ఇంకో యాభైకి పైగా పేర్లు చేర్చారు. ఇక్కడి నుంచి అక్కడికి ఎగుమతి చేసే డబ్బా మీద రాయగలిగిన పేరు ఇక్కడ అమ్మే డబ్బా మీద రాయడం కష్టమేమీ కాదు.

ఫలానాది లేదు అని గొప్పగా చెప్పుకునే డబ్బాల మీద కూడా నాకు గురి లేదు. పారబెన్లు లేవు అని ముందు వైపు రాస్తారు. అవీ ఒక రకం నిల్వ పదార్థాలే. పారబెన్లకు జనం భయపడటం మొదలుపెట్టాక తయారీదారుల్లో చాలామంది మిథైల్ ఐసోథయజోలినోన్ అనే నిల్వ పదార్థం వైపు మళ్లారు. దానితో అలర్జీలు ఎంతగా పెరిగాయంటే, అమెరికా కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ దాన్ని 2013లో ఆ ఏటి అలర్జీ కారకంగా ప్రకటించింది. రాసుకుని వదిలేసే క్రీముల్లో దాన్ని వాడకూడదని ఐరోపా సంఘం 2017 నుంచి నిషేధించింది. పెనం మీంచి తప్పించుకుని పొయ్యిలో పడ్డట్టయింది. లేనిదాని పేరు ముందు వైపు రాయడానికి చోటున్నవాళ్లకు ఉన్నదాని అంకె రాయడానికి చోటు దొరకకపోదు.

మా ప్రాంతానికే ప్రత్యేకమైన బెడద ఒకటుంది. ఇక్కడ రెండు మూడు ఇళ్లకు ఒకరు గల్ఫ్‌లో ఉంటారు. సెలవుకు వచ్చేటప్పుడు పెట్టెలో చాక్లెట్లతో పాటు ఇంట్లో ఆడవాళ్ల కోసం క్రీములు తెస్తారు. కొన్నింటి మీద జాబితాయే ఉండదు, ఉన్నా అరబ్బీలో ఉంటుంది. వారంలో ముఖం తెల్లబడిందంటే నాకు ముందు అనుమానం పాదరసం మీద, తర్వాత స్టెరాయిడ్ మీద. కేరళలోని మలప్పురం జిల్లాలో తెల్లబరిచే క్రీములు వాడినవాళ్లలో మూత్రపిండాల జబ్బును వైద్యులు 2023లో బయటపెట్టినప్పుడు, ఆ వార్తను ప్రింటు తీసి కౌంటర్ అద్దం మీద అతికించాను. క్రీముల్లో పాదరసం కావాలని కలపకూడదని, పొరపాటున చేరినా పది లక్షల భాగాల్లో ఒకటి దాటకూడదని మీ నిబంధనల్లో ఉంది. కంటి చుట్టూ వాడేవాటికి ఒక్కదానికే వేరే లెక్క. సంచుల్లో వచ్చేదాన్ని లేబులుతో ఆపలేమని నాకూ తెలుసు. కానీ జనానికి వెనక వైపు చదివే అలవాటు ఒకసారి పడితే, జాబితా లేని డబ్బాను చూడగానే చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ఇప్పుడు మంచి డబ్బా వెనక చదివినా ఏమీ తెలియదు కాబట్టి ఆ అలవాటు ఎవరికీ పడటం లేదు.

మీరు ఒక నిర్ణయం తీసుకుంటే కౌంటర్ దగ్గర ఎంత మార్పు వస్తుందో నేను చూశాను. 2018లో 14 రకాల స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. అంతకుముందు ముఖానికి రాసుకునే మామూలు క్రీమేనని అనుకుని వాటిని నెలనెలా కొనేవాళ్లు ఉండేవారు. నేనూ అమ్మాను. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. ఆ తర్వాత అడిగినవాళ్లకు చట్టం చూపించి కాదనగలిగాను. పూర్తిగా ఆగిపోయిందని చెప్పను. నాకు మాత్రం కాదనడానికి ఒక ఆధారం దొరికింది.

కంపెనీలు వ్యాపార రహస్యం అంటాయి. ఏది రహస్యం? ముందు వైపు పెద్ద అక్షరాల్లో అచ్చువేసి, పత్రికల్లో, టీవీల్లో చెప్పి అమ్ముకునేది రహస్యం ఎలా అవుతుంది? తయారీ పద్ధతిని దాచుకోమనండి, ఏ వేడి దగ్గర ఏది కలిపారో దాచుకోమనండి. గొప్పగా చెప్పుకున్నదాని కొలత మాత్రం చెప్పమనండి. నిజానికి ఇప్పుడు నియాసినమైడ్ 10 శాతం అని అంకెతో సహా ముందు వైపే ముద్రించి అమ్ముతున్న కంపెనీలు చాలానే ఉన్నాయి. వాటి రహస్యాలేమీ గంగలో కలిసిపోలేదు.

అయితే అంకెలతో ఇంకో రకం పిచ్చి మొదలవుతుందని ముందే ఒప్పుకుంటాను. ఐదు కంటే పది మేలు, పది కంటే పదిహేను మేలు అనుకుని ముఖం మండించుకుని నా దగ్గరకు వచ్చినవాళ్లు ఉన్నారు. ఇంత పెద్ద శాతాలు అవసరం లేదని వాళ్లకు చెప్పగలిగానంటే అంకె కనబడింది కాబట్టే. కనబడని అంకె గురించి ఎవరికి ఏం చెప్పను?

అంకె ఉంటే మీకూ ఒక సాయం. కొనేవాళ్లను తప్పుదారి పట్టించే అబద్ధపు మాటలు సౌందర్య సాధనాల మీద ఉండకూడదని మీ నిబంధనల్లోనే ఉంది. మంచి నిబంధన, కానీ ఇక్కడ దానికి పట్టు దొరకదు. 'కుంకుమపువ్వుతో' అన్న మాట అబద్ధం కాదు. పీపా క్రీములో ఒక్క చుక్క వేసినా నిజమే. అదే 'కుంకుమపువ్వు సారం 0.5 శాతం' అని రాసి ఉంటే రాష్ట్ర డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆ కంపెనీ బ్యాచ్ రికార్డు తెరిపించి చూడగలడు. తేడా వస్తే నోటీసు ఇవ్వగలడు. అంకె లేని చోట ఆయన మాత్రం ఏం తనిఖీ చేస్తాడు?

భాష విషయంలో చిన్న మనవి. ప్యాకెట్ల మీద వివరాలు హిందీలోనో ఇంగ్లీషులోనో ఉంటే చాలన్నది వేరే శాఖ నిబంధన. మీ చేతిలో లేనిదని తెలుసు. పదార్థాల పేర్లను తెలుగులోకి అనువదించమని నేనూ అడగను. గ్లిజరిన్ ఏ దేశంలోనైనా గ్లిజరిన్‌గానే ఉండాలి, లేకపోతే రేపు కరీంనగర్ వైద్యుడికీ దుబాయ్ వైద్యుడికీ ఒకరి మాట ఒకరికి అందదు. వాడే విధానం, హెచ్చరిక, నేను అడుగుతున్న ఆ ఒక్క శాతం ఉన్న వాక్యం, ఈ మూడూ అమ్మే రాష్ట్రం భాషలో ఉంటే భూతద్దం నా ఒక్కదాని చేతిలోనే ఉండనక్కర్లేదు.

ఆ సాయంత్రం సంగతి పూర్తి చేసి ముగిస్తాను. డబ్బా మీద వినియోగదారుల ఫోన్ నంబరు ఉంది. "అడుగుదామా?" అన్నాను. ఆ అమ్మాయి తన ఫోను స్పీకర్‌లో పెట్టింది. నాలుగు నిమిషాలు పాట వినిపించాక ఒకబ్బాయి మర్యాదగా పలికాడు. కుంకుమపువ్వు ఎంత శాతం అని అడిగాం. "స్వచ్ఛమైన కుంకుమపువ్వు వాడతాం మేడమ్" అన్నాడు. స్వచ్ఛత కాదు, ఎంత అని అడిగాం. "తగిన మోతాదులో" అన్నాడు. నియాసినమైడ్ ఎంత అని అడిగితే కొంచెం ఆగమని, ఎవరినో అడిగి వచ్చి, ఆ వివరం తమ దగ్గర లేదని, సాంకేతిక విభాగం రెండు పనిదినాల్లో ఫోన్ చేస్తుందని చెప్పి పన్నెండు అంకెల ఫిర్యాదు సంఖ్య ఇచ్చాడు. డబ్బా వెనక దొరకని అంకె బదులు మాకు దొరికిన అంకె అదే. ఆ అమ్మాయి దాన్ని డబ్బా మూత మీద పెన్నుతో రాసుకుంది. నా దగ్గర గ్లిజరిన్ ముందు వరుసలో ఉన్న, పరిమళం లేని 120 రూపాయల ట్యూబు ఒకటి కొనుక్కుని వెళ్లింది.

సంక్రాంతి సెలవుల తర్వాత మళ్లీ వచ్చింది. బుగ్గల మీద పొట్టు పోయింది. ఫోన్ వచ్చిందా అని అడిగాను. రాలేదంది. ఆ ఖాళీ పెట్టెను, నంబరు రాసిన డబ్బా మూతతో సహా, ఈ ఉత్తరంతో పాటు మీ కార్యాలయానికి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. మీరు ఫోన్ చేస్తే చెబుతారేమో.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
జగిత్యాల